ఐదు చుక్కల వెనక ముప్ఫై ఏళ్లు

బుధవారం, టీకాల రోజు. సబ్‌సెంటర్ వరండాలో బెంచీ మీద నలుగురు తల్లులు, ఒళ్లో పసిపిల్లలు. నర్సమ్మ వ్యాక్సిన్ క్యారియర్ మూత తీసి, ఐస్‌ప్యాకుల మధ్య నుంచి చిన్న గాజుసీసా బయటికి తీసింది. లేబుల్ మీదున్న గుండ్రాన్నీ దాని లోపలి చదరాన్నీ వెలుతురు వైపు తిప్పి చూసింది. లోపలి చదరం ముదిరి చుట్టూ ఉన్న గుండ్రం రంగులో కలిసిపోయిందంటే మందుకు ఎక్కడో వేడి తగిలినట్టు, ఇక పారెయ్యాల్సిందే. ఇది బాగానే ఉంది. డ్రాపర్ బిగించి, ఆరు వారాల బిడ్డ బుగ్గలు రెండు వేళ్లతో మెల్లగా నొక్కి, నోట్లో ఒక పక్కగా ఐదు చుక్కలు వేసింది. లేత గులాబీ రంగు నీళ్లలా ఉంది మందు. బిడ్డ చప్పరించింది.

"ఇది దేనికి మేడమ్?" అంది తల్లి.

"నీళ్ల విరేచనాలు పట్టుకోకుండా. మళ్లీ పదో వారంలో తీసుకురామ్మా, ఆ తర్వాత పద్నాలుగో వారంలో. మర్చిపోకు" అని కార్డు మీద తేదీ వేసింది నర్సమ్మ. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

ఆ మందు పేరు రోటావాక్. తయారయ్యేది హైదరాబాద్ శివార్లలో, తుర్కపల్లి దగ్గరున్న జీనోమ్ వ్యాలీలో, భారత్ బయోటెక్ కంపెనీలో. ఆ చుక్కల్లో ఉన్న వైరస్ పుట్టిల్లు మాత్రం ఢిల్లీ. 1985-86లో అక్కడి ఎయిమ్స్ ఆసుపత్రిలో పుట్టిన పసికందుల మలంలో అది దొరికింది. భారత్ బయోటెక్ పుట్టింది 1996లో. తాను పుట్టడానికి పదేళ్ల ముందు దొరికిన వైరస్‌తో ఆ కంపెనీ టీకా చేసిందన్నమాట. ఆ పదేళ్లూ దాన్ని ఎవరు కాపాడారు? కొనేవాడెవడో తెలియకుండానే ఎందుకు కాపాడారు?

ప్రభుత్వ పరిశోధన సంస్థతో చేయి కలిపితే కంపెనీకి ఏమిటి లాభం అని అడిగి చూడండి. ఖర్చు తగ్గుతుందంటారు, నిపుణుల సలహా దొరుకుతుందంటారు, కోట్లు పోస్తే తప్ప రాని యంత్రాలు వాడుకోవచ్చంటారు. అవన్నీ నిజమే. నేను చూసినంతలో వాటన్నిటికంటే పెద్ద లాభం కాలం. ఏ బ్యాంకూ అప్పివ్వలేనిది, ఏ బజార్లోనూ దొరకనిది అదొక్కటే. చింతచెట్టు తాత నాటితే కాయ మనవడు కొడతాడు. కంపెనీకి తాత ఉండడు. ఆ తాత పని చేసిపెట్టేది ప్రజల సొమ్ముతో నడిచే పరిశోధనశాల.

రోటావైరస్ సంగతి ముందు చెప్పుకోవాలి. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్, ఆమె సహచరులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల చిన్నపేగు నుంచి తీసిన సన్నటి పొరను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. ఆకులు బిగించిన బండిచక్రంలాంటి కణాలు గుంపులుగా కనిపించాయి. లాటిన్‌లో రోటా అంటే చక్రం. ఆ పేరే స్థిరపడింది. అప్పటిదాకా పసిపిల్లల విరేచనాలకు మనం చెప్పుకున్న కారణాలు వేరు: నీళ్లు మంచివి కావని, ఈగలు వాలాయని, పళ్లొస్తున్నాయని, దిష్టి తగిలిందని. ఈ వైరస్‌కి అవేమీ అక్కర్లేదు. కుళాయి నీళ్లు, గచ్చునేల, సబ్బు ఉన్న ఇళ్లల్లోనూ అంతే సులువుగా దూరుతుంది. టీకా రాకముందు అమెరికాలోనైనా ఆంధ్రాలోనైనా ఐదేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా అది సోకేది.

తేడా అంతా ఆ తర్వాత ఏమవుతుందన్న దగ్గర వచ్చేది. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమలు నూగులా సన్నటి వేళ్లు ఉంటాయి. నీళ్లనూ ఆహారాన్నీ పీల్చుకునేవి అవే. వైరస్ సరిగ్గా ఆ వేళ్ల కొనల మీది కణాలను పట్టుకుని చంపుతుంది. ఇక తాగిన పాలు తాగినట్టే బయటికి వచ్చేస్తాయి. మాడు గుంట పడుతుంది, కళ్లు లోపలికి పీక్కుపోతాయి, పొట్ట మీద చర్మం పట్టి లాగి వదిలితే ఆ మడత కాసేపు అలాగే నిలబడుతుంది, బిడ్డ ఏడిస్తే కన్నీళ్లు రావు. ఓఆర్‌ఎస్ నీళ్లు సమయానికి పడితే చాలామంది గట్టెక్కుతారు. వాంతులు ఆగకపోతే సెలైన్ పెట్టాలి. ఆ సెలైన్ పెట్టే ఆసుపత్రి పక్క వీధిలో ఉందా, ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉందా అన్నదాన్ని బట్టి ప్రాణం దక్కేది, పోయేది. 2004 నాటి అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా ఐదు లక్షలకు పైగా పిల్లలు దీనితో చనిపోయేవారు. అందులో సుమారు లక్షమంది మన పిల్లలు.

ఇప్పుడు ఎయిమ్స్‌కి వద్దాం. మహరాజ్ కిషన్ భాన్ అక్కడ పిల్లల వైద్యుడు. పుట్టి కొన్ని రోజులే అయిన శిశువుల మలాన్ని పరీక్షిస్తే చాలామందిలో రోటావైరస్ కనిపించింది. విచిత్రమేమిటంటే, వాళ్లలో విరేచనాలు లేవు, జ్వరం లేదు, పాలు బాగానే తాగుతున్నారు. "రోగం లేదుగా" అనుకుని వదిలేసి ఉంటే ఈ కథే లేదు. భాన్ బృందం వదల్లేదు. ఆ పిల్లలు ఇళ్లకు వెళ్లాక కూడా వాళ్లను గమనిస్తూ వచ్చారు. పుట్టిన కొత్తలో ఈ వైరస్ సోకిన పిల్లలకు ఆ తర్వాత రోటావైరస్ విరేచనాలు బాగా తక్కువగా వచ్చాయి. ప్రకృతి తనంతట తానే ఆ వార్డులో టీకా వేసి పోయింది.

ఆ వైరస్‌కి పెట్టిన పేరు 116ఇ. దాని లోపల చూస్తే ఇంకో ముచ్చట బయటపడింది. రోటావైరస్ జన్యు సమాచారం ఒకే పోగుగా ఉండదు, 11 ముక్కలుగా ఉంటుంది. రెండు రకాల రోటావైరస్‌లు ఒకే కణంలోకి దూరితే, రెండు పేకలు కలిపి పంచినట్టు ముక్కలు కలగలిసి కొత్త రకం పుడుతుంది. 116ఇ అలా పుట్టిందే. పది ముక్కలు మనిషి వైరస్‌వి, ఒక్క ముక్క ఆవు వైరస్‌ది. పశువులూ పసిపిల్లలూ ఒకే కప్పు కింద బతికే దేశంలో ఆ ముక్క ఎక్కడ, ఎలా చేరిందో ఊహించుకోవచ్చు. దాదాపు అదే రోజుల్లో బెంగళూరు ఆసుపత్రుల్లోనూ ఇలాంటి పసికందుల వైరస్ ఒకటి దొరికింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి. దుర్గారావు బృందం అధ్యయనం చేసిన ఆ రకానికి ఐ321 అని పేరు. అది 116ఇకి అద్దంలో బింబంలాంటిది: ఎక్కువ ముక్కలు ఆవు వైరస్‌వి, మనిషి వైరస్‌వి రెండే.

1986 నాటికి చేతిలో ఉన్నది ఇదీ: ఒక వైరస్, ఒక అనుమానం. దీని మీద డబ్బు పెట్టే కంపెనీ ఏదైనా ఉంటుందా? ఆ కంపెనీ యజమాని చోట కూర్చుని ఆలోచించండి. ఈ వైరస్ టీకాగా పనికొస్తుందో లేదో తెలియదు. పనికొచ్చినా కొనేది ఎవరో తెలియదు, ఎందుకంటే చనిపోతున్నది పేదల పిల్లలు. ఎన్నేళ్లు పడుతుందో అసలే తెలియదు. అప్పు తెచ్చిన డబ్బుకి వడ్డీ మాత్రం నెలనెలా కట్టాలి. ఏ తెలివైన వ్యాపారీ ముట్టుకోడు. అది వాళ్ల తప్పని నేననను. వ్యాపారం కాలాన్ని కొలిచే తూకం అది.

పరిశోధనశాల తూకం వేరు. అక్కడ జీతాలు వైరస్ అమ్ముడుపోయిందా లేదా అన్నదాన్ని బట్టి రావు. ఫ్రీజర్‌లో చిన్నచిన్న గొట్టాల్లో గడ్డకట్టించి పెట్టిన వైరస్ పదేళ్లైనా అలాగే ఉంటుంది. కావలసింది కరెంటు, కరెంటు పోతే జనరేటరు, ఏ గొట్టంలో ఏముందో తప్పుల్లేకుండా రాసిన రిజిస్టరు, దాన్ని నమ్మకంగా చూసుకునే మనిషి. ఇవన్నీ చవక వస్తువుల్లా కనిపిస్తాయి. పదేళ్లపాటు ఒక్క రోజు కూడా తప్పకుండా జరగాలంటే తెలుస్తుంది వాటి ఖరీదు.

1987లో భారత్, అమెరికా ప్రభుత్వాల మధ్య టీకాల పరిశోధన మీద ఒప్పందం కుదిరింది. దాని నీడలో మన బయోటెక్నాలజీ శాఖ, అమెరికాలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఎన్‌ఐహెచ్, సీడీసీ, అక్కడి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక్కతాటి మీదికి వచ్చాయి. సీడీసీలో రోజర్ గ్లాస్, స్టాన్‌ఫర్డ్‌లో హారీ గ్రీన్‌బర్గ్ ఏళ్ల తరబడి ఈ పని వదల్లేదు. భారత్ బయోటెక్ ఈ బండి ఎక్కే నాటికి వైరస్ జన్యువుల గుట్టు తెలిసిపోయింది, సహజంగా సోకిన పిల్లల అనుభవం కాగితం మీదికి ఎక్కింది, మొదటి పరీక్షలకు ఏ మోతాదు వాడాలో అంచనాకు వచ్చింది. రెండు గుర్రాల్లో ఏది గెలుస్తుందో తేల్చడానికి 116ఇ, ఐ321 రెంటినీ పరీక్షించారు. ఐ321 పిల్లల్లో తగినంత రోగనిరోధక స్పందన తేలేకపోయింది. పక్కన పెట్టారు. ఈ ఓటమిని ఎవరి నెత్తిన వేయాలన్న గొడవ రాలేదు. ఒకే వైరస్ మీద ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టిన కంపెనీకి, పొరపాటున ఆ వైరస్ ఐ321 అయి ఉంటే, అంతటితో ఆట ముగిసేది.

పనికిరాదని పక్కన పెట్టింది కూడా ఒక్కోసారి కాలం కలిసొస్తే పనికొస్తుంది. ఇక్కడ కాసేపు దారి తప్పి ఎయిడ్స్ మందు సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని చివరి మలుపు హైదరాబాద్‌లోనే ఉంది. 1964లో అమెరికాలోని డెట్రాయిట్‌లో జెరోమ్ హార్విట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రభుత్వ నిధులతో కేన్సర్‌కి మందు వెతుకుతూ ఏజెడ్‌టీ అనే పదార్థాన్ని తయారు చేశాడు. ఎలుకల్లో కేన్సర్ తగ్గలేదు. రాసి పెట్టి, బీరువాలో పెట్టి, ఇంకో పనిలో పడ్డాడు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఎయిడ్స్ వచ్చింది. బరోస్ వెల్‌కమ్ కంపెనీ పంపిన పదార్థాలను అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ తన ప్రయోగశాలలో హెచ్‌ఐవీ మీద పరీక్షిస్తే, వాటిలో ఏజెడ్‌టీ పని చేసింది. 1987లో అది ఎయిడ్స్‌కి ఆమోదం పొందిన మొట్టమొదటి మందు అయింది. మొదట్లో ఏడాదికి సుమారు 8,000 డాలర్లు. మన దేశంలో దాన్ని ఊహించగలిగేవాళ్లెందరు? అప్పటి మన పేటెంటు చట్టం ప్రకారం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే హక్కు ఉండేది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎ.వి. రామారావు బృందం వేరే పద్ధతిలో ఏజెడ్‌టీ తయారు చేసే దారి కనిపెట్టింది. 1993లో సిప్లా కంపెనీ ఆ మందును చవకగా బజారులోకి తెచ్చింది. డెట్రాయిట్ బీరువాలో ఇరవై ఏళ్లు, అమెరికా కేన్సర్ సంస్థ ప్రయోగశాలలో కొన్ని నెలలు, తార్నాకలో మరికొన్నేళ్లు. సిప్లా కూడబెట్టుకున్న పేరులో వీటన్నిటి వంతూ ఉంది.

ప్రభుత్వ పరిశోధనశాలతో చేయి కలిపే ఈ అలవాటు హైదరాబాద్‌కి కొత్త కాదు. వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు కంపెనీకి సొంత ప్రయోగశాల లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కొంతకాలం, ఆ తర్వాత ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చోటు తీసుకుని పని చేశారు. 1997లో దేశంలోనే తొలిసారి జన్యు సాంకేతికతతో హెపటైటిస్-బి టీకా అక్కడి నుంచే వచ్చింది. అద్దె గది లాంటి ఆ చోటులో దొరికింది బల్లలూ యంత్రాలూ మాత్రమే కాదు. పక్క గదిలో కూర్చున్న మనిషిని మధ్యాహ్నం టీ దగ్గర ఒక ప్రశ్న అడిగి, నెల రోజులు తప్పుదారిలో పోకుండా తప్పించుకోవడం కూడా ఆ అద్దెలో భాగమే.

మళ్లీ రోటావాక్‌కి. ఇంతవరకూ చెప్పింది వింటే కంపెనీ ఏదో పండిన పండు కోసుకుందని అనిపించవచ్చు. అది అన్యాయం. ప్రయోగశాలలో ఒకసారి వస్తే అది పరిశోధన పత్రం. ఫ్యాక్టరీలో వెయ్యోసారి కూడా అచ్చం అలాగే వస్తేనే మందు. 116ఇ పెరగడానికి వీరో కణాలు కావాలి. 1962లో జపాన్‌లో ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి మొదలైన కణాల వంశం అది, ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో టీకాలకు పెంపుడు తల్లి. కణాలు సరైన చిక్కదనానికి వచ్చాక వైరస్ చల్లాలి. మరీ ముందు చల్లితే పంట పలచన, ఆలస్యమైతే కణాలు ముదిరిపోతాయి. కోత రోజున వైరస్ ఎంత ఉందో కొలవాలి. వేరే సూక్ష్మజీవి ఏదీ దూరలేదని రుజువు చూపాలి. విత్తన వైరస్‌ని తరాలు తరాలుగా పెంచుతూ పోతే అది మారిపోతుంది కాబట్టి ఒకే తరం నుంచి ఎప్పుడూ తీసుకోవాలి. ఏ బ్యాచ్ ఏ రోజు, ఏ గదిలో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో పదేళ్ల తర్వాత అడిగినా చెప్పగలగాలి. ఈ క్రమశిక్షణ పరిశోధన సంస్థలకు చేతకాదు, వాటి పనీ అది కాదు. కనిపెట్టినవాడే తయారు చేయాలని పట్టుబట్టి ఉంటే 116ఇ ఇవాళ్టికీ ఫ్రీజర్‌లోనే ఉండేది.

దీని మధ్యలో పెద్ద పిడుగు పడింది. 1998 ఆగస్టులో అమెరికాలో వైత్ కంపెనీ రోటాషీల్డ్ అనే తొలి రోటావైరస్ టీకాను తెచ్చింది. ఏడాది తిరగ్గానే, 1999 అక్టోబరులో, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. టీకా వేసుకున్న పిల్లల్లో సుమారు పదివేల మందిలో ఒకరికి పేగులోకి పేగు చొచ్చుకుపోయి ముడిపడే ప్రమాదం కనిపించింది. ఆ తర్వాత వచ్చిన విదేశీ టీకాలు రోటాటెక్, రోటారిక్స్ ఒక్కొక్కటి 60,000 మందికి పైగా పసిపిల్లల మీద పరీక్షించి, ఈ ప్రమాదం అంతగా లేదని నిరూపించుకుంటే తప్ప గుమ్మం దాటలేదు. మరి అప్పుడే పుట్టిన ఒక హైదరాబాద్ కంపెనీ ఒంటరిగా ఉండి ఉంటే? రోటా అన్న మాట వింటేనే పెట్టుబడిదారులు తలుపులు వేసుకున్న రోజులవి. ఈ జట్టు మాత్రం చెదరలేదు. లక్షమంది పిల్లలు చనిపోతున్న చోట లెక్క వేరుగా వేయాలని చెప్పగల గొంతులు అందులో ఉన్నాయి, అప్పటికి పదేళ్లుగా ఆ పిల్లలను చూస్తున్న కళ్లూ ఉన్నాయి.

2001 నుంచి పాత్ అనే సంస్థ ద్వారా గేట్స్ ఫౌండేషన్ డబ్బు కూడా తోడైంది. తుది పరీక్ష 2011 మార్చిలో మొదలైంది. ఢిల్లీ, పుణె దగ్గరి వఢు, వెల్లూరు. మూడు చోట్లా కలిపి 6,799 మంది పసిపిల్లలు. వాళ్లలో 4,532 మందికి టీకా, 2,267 మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది పడిందో తల్లికీ తెలియదు, వేసిన నర్సుకీ తెలియదు, విరేచనం తీవ్రతను కొలిచిన డాక్టరుకీ తెలియదు.

ఆ కొలత గురించి ఒక మాట. "తీవ్రమైన విరేచనం" అంటే ఏమిటి? మా అమ్మమ్మ దృష్టిలో మూడోసారి వెళ్తే తీవ్రం. ఫిన్లాండ్‌లోని టంపెరెలో తిమో వెసికారి అనే వైద్యుడు దీనికొక లెక్క కట్టాడు. ఎన్ని రోజులు, రోజుకి ఎన్నిసార్లు, వాంతులెన్ని, జ్వరమెంత, ఒంట్లో నీరు ఎంత తగ్గింది, ఆసుపత్రిలో చేర్చారా లేదా. అన్నిటికీ మార్కులు, మొత్తం 20. పదకొండు గానీ ఆపైన గానీ వస్తే తీవ్రం. ఈ తూనికరాయి ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే హైదరాబాద్ టీకా ఫలితాన్ని బెల్జియంలో తయారయ్యే రోటారిక్స్ ఫలితం పక్కన పెట్టి చూడడం కుదిరింది. ఇలాంటి తూనికరాళ్లు తయారు చేసి పెట్టడం పరిశోధనశాలలు పరిశ్రమకు చేసే మేలుల్లో అందరూ మర్చిపోయేది. వాటికి ప్రారంభోత్సవాలు ఉండవు.

కాకి పిల్ల కాకికి ముద్దు. తన మందు తానే పరీక్షించుకుని బాగుందని కంపెనీ చెబితే వినేవాళ్లెవరు? ఇక్కడ పిల్లలను ఇంటింటికీ తిరిగి కనిపెట్టుకున్నది వేరేవాళ్లు. ఢిల్లీలో నీతా భండారి బృందం, వెల్లూరు సీఎంసీలో గగన్‌దీప్ కాంగ్ ప్రయోగశాల. వాళ్ల పేరు ప్రపంచానికి తెలుసు, వాళ్లకు టీకా అమ్ముడుపోతే వచ్చే లాభం లేదు. ఫలితం 2013 మేలో బయటపెట్టారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను ఆ టీకా 56 శాతం దాకా తగ్గించింది, రెండో ఏడాదిలో దాదాపు సగం. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ పెద్ద కంపెనీల టీకాలు కూడా ఆసియా, ఆఫ్రికా పేదదేశాల్లో ఇంచుమించు ఇంతే పని చేశాయి. మన పిల్లల పేగుల్లో, మన పరిస్థితుల్లో నోటి టీకాలన్నీ కాస్త బలహీనపడతాయి. లక్ష చావులున్న చోట సగం ఆపగలిగితే అది ఎంత పెద్ద అంకో ఆ తల్లులనే అడగాలి. ఆ అంకెను దాచకుండా, ఉబ్బించకుండా ప్రచురించడంతోనే ఈ టీకాకి పరువు వచ్చింది.

ఇంకా ధర సంగతి ఉంది. ప్రజల సొమ్ము ఇంత కలిసింది కాబట్టి ప్రజల తరఫున ఒక షరతు పెట్టగలిగారు: ప్రభుత్వాలకు డోసు ఒక డాలరుకు ఇవ్వాలి. కంపెనీ ముందే ఒప్పుకుంది. 2013లో ప్రకటించిన ధర 54 రూపాయలు. ప్రైవేటు ఆసుపత్రుల్లో విదేశీ టీకా డోసు అప్పటికి వెయ్యి రూపాయల చుట్టూ ఉంది. మరి కంపెనీ నష్టపోయిందా? మన దేశంలో ఏటా సుమారు రెండున్నర కోట్ల మంది పుడతారు, ఒక్కొక్కరికి మూడు డోసులు. 2014 జనవరిలో అనుమతి, 2016 మార్చిలో ప్రభుత్వ టీకాల జాబితాలోకి ప్రవేశం. మొదట తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తక్కినవి ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర పడింది. ఆ తర్వాత పాలస్తీనా, నైజీరియా పిల్లల నోళ్లలోనూ ఈ చుక్కలు పడ్డాయి. తక్కువ లాభం, అంతులేని గిరాకీ, పైగా అంతర్జాతీయంగా పేరు. ఏ వ్యాపారి కాదంటాడు?

అలాగని ఒక్క కంపెనీ చేతిలోనే తాళం పెట్టడం మంచిది కాదు. అమెరికా ఎన్‌ఐహెచ్‌లో ఆల్బర్ట్ కపికియన్ బృందం తయారు చేసిన ఇంకో రకం ఆవు-మనిషి రోటావైరస్‌లను ఒక్కరికే కట్టబెట్టకుండా భారత్, చైనా, బ్రెజిల్ తయారీదారులకు విడివిడిగా లైసెన్సు ఇచ్చారు. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ చేసిన రోటాసీల్ ఆ దారినే వచ్చింది. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే రెండు టీకాలు పోటీలో ఉన్నాయి. ఒకరి దగ్గర బ్యాచ్ ఆగితే ఇంకొకరున్నారు.

ఈ స్నేహం ఇచ్చే ఇంకో లాభం 2020లో అందరికీ కనిపించింది. పుణె జాతీయ వైరాలజీ సంస్థ కొవిడ్ వైరస్‌ను వేరు చేసింది. మే 9న ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, భారత్ బయోటెక్ కలిసి టీకా చేస్తున్నట్టు ప్రకటించాయి. జూలైలో మనుషుల మీద మొదటి పరీక్ష మొదలైంది. వైరస్, కోతుల మీద పరీక్షలు, పరీక్షకు కొంత డబ్బు ప్రభుత్వ సంస్థవి. ప్రమాదకర వైరస్‌ను పెద్దఎత్తున పెంచగల భద్రతా గదులు కంపెనీవి. ఎవరి చేత ఏ పనవుతుందో ముందే తెలిసినవాళ్ల మధ్యనే ఇంత తొందర సాధ్యం. ఐసీఎంఆర్‌కి అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ. పరీక్షకు 35 కోట్లు పెట్టిన సంస్థకు 2022 జనవరి నాటికే 170 కోట్ల పైచిలుకు తిరిగొచ్చింది.

ఇదే కథలో నన్ను బాధపెట్టే భాగమూ ఉంది. తుది పరీక్ష ఫలితం రాకముందే, 2021 జనవరిలో ఆ కొవిడ్ టీకా కొవాగ్జిన్‌కి అత్యవసర అనుమతి ఇచ్చారు. 77.8 శాతం రక్షణ అన్న ఫలితం తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది. కానీ ఆ ఆరు నెలల్లో జనంలో పుట్టిన అనుమానాన్ని ఏ అంకె కూడా పూర్తిగా తుడవలేదు. పేటెంటు దరఖాస్తులో ఐసీఎంఆర్ పేరు లేదని 2024లో బయటపడింది. పొరపాటున జరిగిందని కంపెనీ చెప్పి, ఆ పేరు చేర్చడానికి పూనుకుంది. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ నష్టపోయేది తర్వాతి జట్టు. ఒప్పందం మొదటి రోజునే జనం ముందు పెట్టాలని, ఎవరి వంతు ఎంత, ధర ఎంత, వివాదం వస్తే ఏం చేయాలన్నది అందరూ చదవగలగాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రజల డబ్బుతో పెరిగిన వైరస్ మీద రహస్య ఒప్పందం ఏమిటి?

సంస్థల వైపు తప్పూ చెప్పాలి. కాలం వాళ్ల బలం, అదే వాళ్ల జబ్బు కూడా. నాకు తెలిసిన ఒక చిన్న కంపెనీ ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో తయారైన పద్ధతిని తీసుకోవాలని ఎంతో ఆశగా వెళ్లింది. శాస్త్రవేత్త మొదటి రోజే సరేనన్నాడు. ఫైలు మాత్రం బల్ల నుంచి బల్లకి తిరిగి, రెండు ఆర్థిక సంవత్సరాలు దాటి, సంతకం పడే నాటికి ఆ కంపెనీ వేరే పనిలో పడిపోయింది. ముప్ఫై ఏళ్లు వైరస్‌ని దాచగలిగే ఓపిక ఉన్న చోట ముప్ఫై రోజుల్లో ఒక సంతకం పెట్టే చురుకు కూడా ఉండాలి. భాన్ 2004 నుంచి 2012 దాకా బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శిగా ఉన్నారు. తాను కనిపెట్టిన వైరస్‌ను వార్డు నుంచి తుది పరీక్ష దాకా చూడగల అదృష్టం, దాన్ని ఫైళ్లలో పాతిపెట్టకుండా నడిపే అధికారం, రెండూ ఒకే మనిషికి దక్కడం అరుదు. ప్రతిసారీ అలాంటి మనిషి దొరకాలని ఆశిస్తూ కూర్చుంటే కుదరదు. 2020 జనవరిలో ఆయన కన్నుమూశారు.

పుణె వైరాలజీ సంస్థ ఫ్రీజర్లలో కొనేవాళ్లు లేని వైరస్‌లు ఇంకా ఉన్నాయి. 1957లో కర్ణాటక షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చిపోతుంటే ఆ సంస్థవాళ్లు వెళ్లి ఒక వైరస్‌ను వేరు చేశారు. కోతుల మీదుండే గోమార్లు కుట్టి మనుషులకూ వస్తుంది ఆ జ్వరం. ఏటా దాని బారిన పడేది అడవి అంచున కట్టెలకూ ఆకులకూ వెళ్లే కూలీలు, మహా అయితే కొన్ని వందల మంది. ఏ కంపెనీ లెక్కలోనూ అది బజారు కాదు. పాత టీకా సరిగా పని చేయడం లేదని దాన్ని ఆపేశారు. ఇప్పుడు కొత్త టీకా కోసం ఐసీఎంఆర్‌తో కలిసి పని చేస్తున్నది గచ్చిబౌలిలో ఉన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్. వైరస్ దొరికి అరవై ఏళ్లు దాటింది.